నల్లకుంట డాబా మీద నీడ గడియారం: రాయి పోయింది, పైపు నిలిచింది

డాబా మీద నీడ గడియారం పెట్టుకుందామని చూసేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఏడు నెలల్లో మూడు చేశాను, మూడోది పనిచేస్తోంది. మొదటి రెండూ ఎందుకు చెడ్డాయో తెలిస్తే మీకు ఓ రెండు వేల రూపాయలు మిగులుతాయి. నా ఉద్యోగం కంప్యూటర్ ముందు, పైపు కోయడం, డ్రిల్లు పట్టడం ఇందులోనే నేర్చుకున్నా. కాబట్టి చేతిపని విషయంలో నా మాట కాస్త తక్కువ నమ్మండి. కొలతలు మాత్రం ఒక్కోటి మూడేసి సార్లు తీసినవి.

దసరా సెలవుల్లో అన్నవరం వెళ్లాం. వ్రతం అయ్యాక రత్నగిరి మీద నీడ గడియారం దగ్గర ఆగితే ఆ రోజంతా మబ్బు, నీడే లేదు. "బ్యాటరీ అయిపోయిందా నాన్నా?" అంది మా పాప. అదీ కారణం. ఇంటికొచ్చి మ్యాప్‌లో చూస్తే అన్నవరం అక్షాంశం 17.28 డిగ్రీలు, హైదరాబాదులో మా నల్లకుంట 17.4. తేడా 0.12 డిగ్రీలు. ఇంకేం, అక్కడ నడిచేది ఇక్కడా నడుస్తుంది అనుకున్నా. రేఖాంశం వైపు చూడనే లేదు. ఈ డైరీలో సగం బాధ ఆ ఒక్క పొరపాటుదే.

1వ దశ: అట్ట ముక్క (నవంబరు మొదటి వారం)

బల్లపరుపుగా పరిచే రకం ఎంచుకున్నా. పలక మీద గంటల గీతలు, మధ్యలో ఉత్తరానికి తిరిగి 17.4 డిగ్రీల వాలుతో నిలబడే త్రికోణం. గీతల లెక్క ఇలా: మధ్యాహ్నం నుంచి ఎన్ని గంటలో దాన్ని 15తో గుణించి, ఆ కోణం టాంజెంటుని అక్షాంశం సైనుతో (మనకి 0.299) గుణిస్తే, గీత కోణం టాంజెంటు వస్తుంది. పన్నెండు గీత నుంచి నాకొచ్చిన కోణాలు:

1 గంట: 4.6
2 గంటలు: 9.8
3 గంటలు: 16.6
4 గంటలు: 27.4
5 గంటలు: 48.1
6 గంటలు: 90

నవంబరు 3న ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఐదు సార్లు చూశా. నీడకీ సెల్‌ఫోన్ టైముకీ తేడా ఒక్కసారి కూడా నిమిషం దాటలేదు. అట్ట ముక్కకి ఇంత కచ్చితత్వమేంటి అని అప్పుడే అనుమానం రావాల్సింది. నాకేమో కాలర్ ఎగరేయడమే వచ్చింది.

ఖర్చు: అట్ట, ప్రింటు 90. మొత్తం: 90.

2వ దశ: తాండూరు బండ (నవంబరు చివర నుంచి డిసెంబరు)

రెండడుగుల చదరం తాండూరు బండ కొని, శిలాఫలకాలు చెక్కే ఒకాయనకి ఇచ్చా. ప్రింటు చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "సార్, నడిమిట్ల గీతలు గింత దగ్గర్నున్నయి, పక్కలకేమో జానెడు జానెడు ఉన్నయి. కరెక్టేనా?" "కరెక్టే అన్నా" అని చెప్పా. లెక్క నిజంగానే కరెక్టు, కానీ ఆయన పట్టుకున్నది కూడా నిజమే. గీతల పొడవు 250 మి.మీ. తీసుకుంటే పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య 20 మి.మీ., ఐదుకీ ఆరుకీ మధ్య 183 మి.మీ. అంటే మధ్యాహ్నం పూట ఒక నిమిషం మి.మీ.లో మూడో వంతు, ఆ సన్నదనంలో ఉలి ఏం చేస్తుంది? భూమధ్యరేఖకి దగ్గరగా ఉండే ఊళ్లలో ఈ పరుపు రకానికి ఈ రోగం తప్పదు. చెక్కించే ముందే ఆలోచించాల్సిన సంగతి.

నవంబరు 30న బండ బిగించా. ఐదు నిమిషాలు వెనక. సరిగ్గా ఉత్తరానికి కూర్చోలేదేమో అని కొంచెం తిప్పా. డిసెంబరు 15కి మళ్లీ వెనకబడింది. తిప్పిందంతా తీసేసి మొదటి స్థానంలో పెట్టి చూస్తే 11 నిమిషాలు. మొత్తం 4 డిగ్రీలు తిప్పితే మధ్యాహ్నం కలిసింది గానీ, పొద్దున్న ఎనిమిదింటికి 3 నిమిషాలు తేడా మిగిలింది. ఇక్కడ ఒక సూత్రం రాసుకోండి: తిప్పితే పోయే తప్పు రోజంతా పోవాలి. ఒక పూట పోయి ఇంకో పూట మిగిలిందంటే మీరు వేరే తప్పుని దాస్తున్నట్టు.

ఖర్చు: బండ 180, చెక్కుడు 1,500, ఇనపరేకు త్రికోణం 250, ఆటో 200. ఈ దశకి 2,130. మొత్తం: 2,220.

మధ్యలో జైపూర్ (డిసెంబరు 27)

ముందే బుక్ చేసుకున్న ట్రిప్పు, గడియారం కోసం వెళ్లింది కాదు. కానీ జంతర్ మంతర్‌లో రెండున్నర గంటలు కూర్చున్నందుకు ఇంట్లోవాళ్లు ఇప్పటికీ దెప్పుతున్నారు. సవాయి జైసింగ్ కట్టించిన సమ్రాట్ యంత్రం అక్కడి పెద్ద నీడ గడియారం, దాదాపు 27 మీటర్ల ఎత్తు. మెట్ల గోడ వాలు ఆ ఊరి అక్షాంశం అంతే, 27 డిగ్రీలు. నేను గుడ్డిగా దాన్ని కాపీ కొట్టి ఉంటే హైదరాబాదులో పది డిగ్రీలు తప్పేది. గోడకి రెండు పక్కలా పెద్ద పాలరాతి చాపాలు, వాటి మీద గంటలన్నీ సమానం. నీడ సెకనుకి సుమారు ఒక మి.మీ. జరుగుతుంటే నిలబడి చూడొచ్చు, భూమి తిరుగుతోందని పుస్తకంలో చదవడం వేరు, కాలి పక్కన నీడ పాకడం వేరు.

గైడు చాపం మీద టైము చదివి, "ఇవాళ్టికి 28 నిమిషాలు కలుపుకోండి" అన్నాడు హిందీలో. ఎందుకు భయ్యా అంటే, మన వాచీల్లో నడిచేది 82.5 డిగ్రీల రేఖ మీది టైము, జైపూరేమో దానికి బాగా పడమర అన్నాడు. ఆ రేఖ నుంచి ఒక డిగ్రీ పడమరకి జరిగితే నాలుగు నిమిషాలు ఆలస్యం. జైపూర్ 75.82 డిగ్రీల దగ్గర ఉంది, కాబట్టి దాదాపు 27 నిమిషాలు. మిగతా ఒక్క నిమిషం సూర్యుడిది.

ఆ మెట్ల మీదే ఫోన్ తీసి మా ఇంటి లెక్క చేశా. నల్లకుంట 78.5 డిగ్రీలు, అంటే సరిగ్గా 4 డిగ్రీలు పడమర, 16 నిమిషాలు. అన్నవరం 82.4, అక్కడ తేడా అర నిమిషం కూడా లేదు! ఆ గడియారానికి రేఖాంశం సవరణ అక్కర్లేదు, మనకి కావాలి.

మరి నవంబరు 3న ఎలా కలిసింది? భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాదు, అక్షమూ వాలి ఉంటుంది. అందుకే సూర్యుడు ఏడాదిలో కొన్నాళ్లు వాచీకి ముందు, కొన్నాళ్లు వెనక నడుస్తాడు. నవంబరు మొదట్లో 16 నిమిషాలకి పైగా ముందుంటాడు, ఏడాది మొత్తంలో అదే అన్నిటికంటే ఎక్కువ. మన ఊరి వెనకబాటు 16, సూర్యుడి తొందర 16, రెండూ కొట్టుకుపోయాయి. ఏ వారం పరీక్ష పెడితే తప్పు కనపడదో సరిగ్గా ఆ వారమే పెట్టుకున్నానన్నమాట. ఫిబ్రవరి 11 దగ్గర సూర్యుడు 14 నిమిషాలు వెనక, కాబట్టి నా బండ అప్పటికి అరగంట తప్పు చూపేది. నేను దాన్ని తిప్పుతూనే ఉండేవాణ్ని, ఎక్కడ ఆగేదో.

3వ దశ: సగం పైపు (జనవరి)

సమ్రాట్ యంత్రం పద్ధతినే చిన్నది చేస్తే ఒక సగం పైపు, దాని మధ్య అక్షం వెంట ఒక పుల్ల. పైపు 17.4 డిగ్రీలు వాలి, ఉత్తరం కొస పైకి ఉండాలి. గంటలన్నీ సమానం, ఉలి బాధ లేదు.

పాత సామాను కొట్లో 315 మి.మీ. పీవీసీ పైపు ముక్క దొరికింది. లోపలి వ్యాసం 300. సగానికి కోస్తే లోపలి చాపం పొడవు 471 మి.మీ., 12 గంటలకి పంచితే గంటకి 39.3, నిమిషానికి 0.65. ఉన్నది 200 మి.మీ. నిడివి, అది చాలు.

చెడిపోయినవి వరసగా:

1. కోయగానే పైపు లోపలికి ముడుచుకుంది. అంచుల మధ్య 300 ఉండాల్సింది 294. బయటి నుంచి పైపు కూర్చునేలా ప్లైవుడ్ ఊయల కోసి, పైపుని దానికి లాగి స్క్రూలు బిగించాక 299.5 దాకా వచ్చింది.

2. పుల్ల బదులు నైలాన్ దారం (అర మి.మీ.) కట్టా. ఎంత సన్నగా ఉంటే అంత కచ్చితం అనుకున్నా. నీడే పడలేదు! సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం, 150 మి.మీ. దూరంలో నీడ అంచు 1.4 మి.మీ. మేర మసకబారుతుంది. దానికంటే సన్నగా ఏది కట్టినా కరిగిపోతుంది. సైకిల్ స్పోకు 2 మి.మీ. ఉంటుంది, అది పెడితే మధ్యలో 0.6 మి.మీ. నల్లటి గీత మిగిలింది. ఈ పనికి స్పోకు కంటే మంచిది నాకు దొరకలేదు, పైగా పది రూపాయలు.

3. స్పోకు మీద ఒక పూస గుచ్చితే దాని నీడ ఏడాది పొడవునా పైకీ కిందకీ జరిగి రుతువు చెబుతుంది కదా అని, ఇంట్లో తెగిన దండలోంచి నల్లపూస తీసి పెట్టా. నల్లపూస నల్లపూసే అయింది, వెతికినా కనపడలేదు. కారణం పైన దారానికి చెప్పిందే. పూస సంగతి మళ్లీ కింద.

వాలు కోసం కోణమానిని వాడకండి, దాంతో అర డిగ్రీ అటూ ఇటూ అయిపోతుంది. 400 మి.మీ. పొడవుకి 125 మి.మీ. ఎత్తు ఉండేలా ప్లైవుడ్ ముక్క కోస్తే అదే 17.4. ఇంకోటి, మన డాబాలు వాననీళ్లు పోవడానికి వాలుగానే పోస్తారు, కంటికి తెలీదు. రసమట్టం పెట్టి కింద రేకు ముక్కలు దోపి సరిచేశా.

ఖర్చు: పైపు 200, కోత 50, స్పోకులు రెండు 20, దారం 30, ప్లైవుడ్ 150, ఎంసీల్ 45. ఈ దశకి 495. మొత్తం: 2,715.

4వ దశ: ఉత్తరం ఎక్కడ? (ఫిబ్రవరి)

ఫిబ్రవరి 4. లెక్క ప్రకారం, రేఖాంశం 16 సవరించాక, పైపు 14 నిమిషాలు వెనక ఉండాలి. మధ్యాహ్నం 28 ఉంది, పొద్దున్న ఎనిమిదింటికి 24. రోజంతా ఒకేలా తప్పలేదు కాబట్టి ఈసారి నిజంగానే దిక్కు తప్పు. (బండ దగ్గర నేర్చుకున్నది ఇక్కడ అక్కరకొచ్చింది.)

ఫోన్ దిక్సూచిని నమ్మడం నా తెలివితక్కువతనం. డాబా మీద మూడు చోట్ల పెడితే మూడు ఉత్తరాలు చూపింది. స్లాబులో సలాకలు, పక్కనే వాటర్ ట్యాంకు ఇనప స్టాండు, ఇంకేం చేస్తుంది పాపం. అప్పుడు పాత పద్ధతికి వెళ్లా. మన జ్యోతిష సిద్ధాంత గ్రంథాల్లో ఉన్నదే, శంకువు (అంటే నిలువు చువ్వ), వృత్తం:

1. చదునైన చోట 300 మి.మీ. చువ్వని నిలువుగా నిలబెట్టండి. నిలువు మేస్త్రీల తూకం గుండుతో చూడాలి.
2. చువ్వ మొదలే కేంద్రంగా 300 మి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి.
3. పొద్దున్న నీడ కొస వృత్తాన్ని తాకి లోపలికి వచ్చే చోట చుక్క పెట్టండి, టైము రాసుకోండి.
4. మధ్యాహ్నం దాటాక కొస మళ్లీ వృత్తాన్ని తాకి బయటికి పోయే చోట ఇంకో చుక్క, టైము.
5. రెండు చుక్కలూ కలిపితే తూర్పు పడమరలు. దానికి మూలమట్టం పెట్టి లంబం గీస్తే ఉత్తరం.

ఫిబ్రవరి 10న నాకు పడిన టైములు 10:21, 2:39. నేను పెట్టిన పైపు ఈ కొత్త గీతకి 6 డిగ్రీలు పక్కకి ఉంది. ఆ ఆరు డిగ్రీలే మధ్యాహ్నం ఆ అదనపు 14 నిమిషాలు.

నాన్న కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తున్నారు. రెండు టైములు కలిపి సగం చేస్తే 12:30 వచ్చింది, ఇవాళ నల్లకుంటకి నడిమధ్యాహ్నం అదీ అని చెప్పా. ఆయన లోపలికెళ్లి పంచాంగం తెచ్చారు. "అభిజిత్ ముహూర్తం 12:07 నుంచి 12:53. సగం చెయ్యి." చేస్తే అదే 12:30. పగటిని పదిహేను ముహూర్తాలు చేస్తే ఎనిమిదోది అభిజిత్తు, దాని నడుమే నడిమధ్యాహ్నం. "కార్తీకంలో 11:37కే మొదలైంది రా. నువ్వు ఆ బండ తిప్పుతున్నప్పుడే చెబుదామనుకున్నా, వినే స్థితిలో లేవు."

వంటింటి గోడకి వేలాడే పుస్తకంలో రోజూ అచ్చవుతున్న సంగతి కోసం నేను జైపూర్ దాకా వెళ్లొచ్చా. అయితే జైపూర్ వెళ్లకపోతే ఆ అంకెలు రోజుకింత ఎందుకు జరుగుతున్నాయో అడిగేవాణ్ని కాదు, అదీ నిజమే. ముహూర్తాల్లో ఫలితాల సంగతి నాన్నకే వదిలేస్తున్నా, నాకు కావలసింది ఆ అంకెల వెనక ఉన్న లెక్క.

ఆయన ఇంకో పని కూడా పెట్టారు: "గంటలతో పాటు ఘడియలు కూడా వెయ్యి." రోజుకి 60 ఘడియలు, ఘడియకి 24 నిమిషాలు. సగం పైపులో 30 పడతాయి, ఒక్కోటి 15.7 మి.మీ. పంచాంగం ఘడియలు సూర్యోదయం నుంచి మొదలు, నా పైపేమో స్థానిక ఆరింటి నుంచి మొదలు. రెండూ కలిసేది రాత్రీ పగలూ సమానమైన రోజుల్లో, అదీ సుమారుగానే. ఆయన ఒప్పుకున్నారు, వేశా.

స్కేలు అతికించే దగ్గర ఇంకో దెబ్బ. రేఖాంశం 16 నిమిషాలు స్కేలులోనే కలిపేద్దామని మొత్తం 10.5 మి.మీ. జరిపి కాగితం ప్రింటు అంటించా. ఇంకా ఘోరంగా వచ్చింది, తప్పు 32 అయింది. తూర్పు వైపు జరిపానన్నమాట. నీడ పొద్దున్న పైపు పడమటి గోడ మీద మొదలై తూర్పుకి నడుస్తుంది, నడిమధ్యాహ్నం అడుగు గీత మీదకి వస్తుంది. అప్పుడు వాచీలో 12:16 ఉండాలి కాబట్టి, 12 అంకె అడుగు గీతకి పడమర 10.5 మి.మీ. దగ్గర రావాలి. కాగితం కాబట్టి నలభై రూపాయలతో పోయింది, ఇదే రాయి మీద అయితే? సరైన లెక్క తేలాక వినైల్ స్టిక్కర్ చేయించి ఉత్తరం అంచున అంటించా, నీడ అక్కడ ముదురుగా ఉందని.

ఖర్చు: కాగితం 40, స్టిక్కర్ 180, ప్రైమరు, తెల్లరంగు 160. ఈ దశకి 380. మొత్తం: 3,095.

5వ దశ: స్కేలు మీద నీడ లేదు (ఏప్రిల్)

మార్చి మూడో వారం దాకా బాగా నడిచింది. ఏప్రిల్ 10న పైకి వెళ్తే పైపు మధ్యలో స్పోకు నీడ ఉంది, స్కేలు మీద లేదు. కాసేపు బుర్ర తిరిగింది. సంగతేంటంటే మార్చి 21 దాటాక సూర్యుడు ఉత్తరానికి వచ్చేశాడు, నీడంతా దక్షిణానికి జరిగింది. ఏప్రిల్ 10కి ఆ జరుగుడు 21 మి.మీ. నా స్కేలు వెడల్పు 20. ఉత్తరపు అంచు మీద పడాల్సిన నీడకి ఆ పైన స్పోకే లేదు. చలికాలంలో పని మొదలుపెట్టినవాడికి చలికాలపు బుద్ధులే. జూన్, డిసెంబరు చివరల్లో ఈ జరుగుడు 65 మి.మీ. దాకా పోతుంది, అందుకని స్కేలు పైపు నడిమధ్యలోనే ఉండాలి, రెండు వైపులా కనీసం 70 వదలాలి. మళ్లీ స్టిక్కర్.

అప్పుడే పూస కూడా మార్చా, 6 మి.మీ. చెక్కపూస. దాని నీడ చక్కగా కనిపిస్తోంది. నెలకోసారి మధ్యాహ్నం పెన్సిల్ చుక్క పెట్టడం పాప డ్యూటీ.

మే మొదట్లో ఎండకి ఎంసీల్ వదిలేసి స్పోకు పట్టీ ఊగింది. స్క్రూలు వేశా. పనికిరాకుండా పోయిన తాండూరు బండని బోర్లా తిప్పి, సిమెంటుతో మట్టంగా కూర్చోబెట్టి, దాని మీదే ఊయల బిగించా.

ఖర్చు: స్టిక్కర్ 180, పూస 5, సిమెంటు, స్క్రూలు 120. ఈ దశకి 305. మొత్తం: 3,400. నా తప్పులన్నీ తీసేసి మీరు నేరుగా పైపు చేస్తే 1,110 అవుతుంది.

చదివేటప్పుడు కలపాల్సినవి

రేఖాంశం స్కేలులోనే ఉంది కాబట్టి మిగిలింది సూర్యుడి ముందువెనకలే. పైపు చూపిన టైముకి కలపాల్సిన నిమిషాలు: జనవరి 1కి 3, జనవరి 15కి 9, ఫిబ్రవరి 11కి 14, మార్చి 1కి 12, మార్చి 21కి 7, జూలై 26కి 6. తీసేయాల్సినవి: మే 14కి 4, అక్టోబరు 1కి 10, నవంబరు 3కి 16, డిసెంబరు 1కి 11. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 దగ్గర ఏమీ అక్కర్లేదు. ఇది ఏ ఊరికైనా ఒకటే. రేఖాంశం మాత్రం మీ ఊరిది వేసుకోండి. 82.5లోంచి మీ రేఖాంశం తీసేసి నాలుగుతో గుణించడమే.

మే 9, 12:12

హైదరాబాదులో నిలువు నీడ మాయమయ్యే రెండు రోజుల్లో ఇదొకటి, రెండోది ఆగస్టు 3. నాన్న, పాప, కింది వాటా ఆంటీ, ఎదురింటి ఇద్దరు పిల్లలు పైకొచ్చారు. శంకువు నీడ చువ్వ మొదట్లోకి ముడుచుకుపోయింది. పిల్లలు స్టీలు గ్లాసు బోర్లించి చుట్టూ తిరిగి చూస్తున్నారు. నేను పైపు దగ్గర. సూర్యుడు ఆ రోజు మూడున్నర నిమిషాలు ముందున్నాడు, కాబట్టి వాచీలో 12:12 అయినప్పుడు స్కేలు 12:15కీ 12:16కీ మధ్య చూపాలి. 12:15 చదివా. నా కంటికి నిమిషం లోపు తేడా తెలియదు, ఈ స్పోకుతో అంతకంటే రాదు.

ఆంటీ వాచీ చూసి "మూడు నిమిషాలు ఫాస్టుగా ఉందిగా" అన్నారు. కలపాల్సిన, తీయాల్సిన పట్టిక ఇంకా రంగుతో రాయలేదు, వానలు మొదలయ్యే లోపు అదొక్కటి చేయాలి.